వినడం ఎవరి పని?

తెలుగులో 'వినడం' అనే క్రియకు రెండర్థాలున్నాయి. చెవికి శబ్దం అందడం ఒకటి, చెప్పినట్టు చేయడం రెండోది. 'మాట వినని పిల్ల' అంటే వినికిడి లోపం ఉన్న పిల్ల అని ఎవరూ అనుకోరు. 'చెప్పిన మాట వినే కోడలు' అన్నది ఆమె చెవుల ఆరోగ్యానికిచ్చే కితాబు కాదు. పెడచెవిన పెట్టడం, చెవికెక్కకపోవడం, చెవినిల్లు కట్టుకుని చెప్పడం, ఇవన్నీ చెవి పేరు చెప్పి విధేయతను కొలిచే మాటలే. రెండర్థాలూ ఇంతగా పెనవేసుకుపోయిన భాషలో బతికే ఒక స్త్రీకి నిజంగానే వినపడకపోతే ఏమవుతుంది? ఆమెకు వినపడటం లేదని ముందుగా ఎవరికీ తోచదు. ఆమె వినడం లేదని తోస్తుంది.

సాహిత్య పరిశోధకురాలిగా నేను పదేళ్ళకు పైగా స్త్రీల గొంతుల గురించి చదివాను, రాశాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నా తరం పరిశోధకులకు పాఠ్యగ్రంథం లాంటిది. గొంతు విప్పడం, గొంతెత్తడం, మౌనాన్ని బద్దలుకొట్టడం మన ఉద్యమ పరిభాషలో ప్రాణం లాంటి మాటలు. చెవి గురించి మాత్రం మనం పెద్దగా ఆలోచించలేదు. మాట్లాడే హక్కును రాజకీయ విషయంగా చూసిన మనం, వినికిడిని శరీరధర్మంగా వైద్యులకు వదిలేశాం. మా ఇంట్లో రెండు తరాల స్త్రీల చెవులు నన్ను ఈ విషయం మీదికి మళ్ళించాయి. మా అమ్మకు, నాకు ఉన్న జబ్బు పేరు ఓటోస్క్లెరోసిస్. అమ్మ 2022లో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకుంది. ఆ నిర్ణయం చుట్టూ మా ఇంట్లో జరిగిన చర్చలో అసలు ప్రశ్న ఆపరేషన్ ఫలిస్తుందా లేదా అన్నది కాదని నాకు క్రమంగా అర్థమైంది. ఒక స్త్రీ వినికిడి ఎవరిది అన్నదే అసలు ప్రశ్న.

ముందు జబ్బు సంగతి. మధ్యచెవిలో మూడు చిన్న ఎముకలుంటాయని బళ్ళో చదువుకున్నాం: కూటకం, దాగలి, అంకవన్నె. శరీరంలోకెల్లా చిన్నదైన అంకవన్నె పొడవు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. కర్ణభేరి కదలికను లోపలి చెవికి అందించేది అదే. లోపలి చెవి చుట్టూ ఉన్న ఎముక మామూలుగా పెద్దయ్యాక మారదు. ఈ జబ్బులో అది అక్కడక్కడా కరిగి, మళ్ళీ అస్తవ్యస్తంగా పెరుగుతుంది. ఆ పెరుగుదల అంకవన్నె పాదాన్ని పట్టేసి, తుప్పు పట్టిన తలుపు బందులాగా బిగుసుకుపోయేట్టు చేస్తుంది. కొందరిలో అది కర్ణావర్తం దాకా, అంటే నత్తగుల్ల ఆకారంలో ఉండే అసలు వినికిడి అవయవం దాకా పాకుతుంది. కుటుంబాల్లో తరతరాలుగా నడిచే ఈ జబ్బు సాధారణంగా ఇరవై నుంచి నలభై ఏళ్ళ వయసులో బయటపడుతుంది. వైద్యం కోసం వచ్చేవాళ్ళలో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు దాదాపు రెట్టింపు.

అంటే చదువు, ఉద్యోగం, పెళ్ళి, కాన్పులు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడే వయసులో, ఎక్కువగా స్త్రీలకు, నొప్పి లేకుండా, బయటికి ఏ గుర్తూ లేకుండా నెమ్మదిగా వచ్చే చెవుడు ఇది. ఈ జబ్బు లక్షణాలు ఒక్కొక్కటీ పితృస్వామ్య కుటుంబం ముందే రాసి పెట్టుకున్న పాత్రల్లోకి ఎంత చక్కగా ఇమిడిపోతాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మొదటిది, మెత్తని గొంతు. అంకవన్నె బిగుసుకున్నవాళ్ళకు బయటి శబ్దం తగ్గిపోతుంది గానీ తమ గొంతు తమకు పుర్రె ఎముకల గుండా పెద్దగా వినిపిస్తుంది. అందుకని తెలియకుండానే స్వరం తగ్గించి మాట్లాడతారు. అమ్మ అత్తగారింట్లో 'నోట్లో నాలుక లేని కోడలు' అని పేరు తెచ్చుకుంది. నా పెళ్ళిచూపుల్లో అబ్బాయి వాళ్ళ పెద్దమ్మగారు, "చదువుకున్నదైనా ఎంత నెమ్మదిగా మాట్లాడుతోందో" అని మెచ్చుకున్నారు. అప్పటికి నా ఎడమచెవిలో జబ్బు మొదలై ఉండాలని తర్వాత డాక్టరు లెక్కగట్టి చెప్పారు. ఒక రోగలక్షణం స్త్రీకి సద్గుణంగా చెలామణి అవుతుంటే దాన్ని రోగమని ఎవరు గుర్తుపడతారు? మరో రకం చెవుడులో, నాడి దెబ్బతిన్నప్పుడు, తమ గొంతు తమకే వినపడక గట్టిగా మాట్లాడతారు. ఆ స్త్రీని ఇదే సమాజం గయ్యాళి అంటుంది. ఇద్దరిలో ఎవరి చెవులనూ పరీక్ష చేయించదు.

రెండోది, గోలలో బాగా వినపడటం. వినడానికి ఇది వింతగా ఉంటుంది. గోల ఉన్నచోట మామూలు వినికిడి ఉన్నవాళ్ళు గొంతు పెంచి మాట్లాడతారు. ఆ గోల మాత్రం ఈ జబ్బున్న చెవిలోకి అంతగా చేరదు. కాబట్టి పెంచిన గొంతు స్పష్టంగా అందుతుంది. పిండిమర దగ్గర, ఎర్రబస్సులో, మేళం మోగుతున్న పెళ్ళిపందిట్లో అమ్మ హాయిగా కబుర్లు చెప్పేది. ఇంటికొచ్చాక వంటింట్లో ఉన్నప్పుడు హాల్లోంచి పిలిస్తే పలికేది కాదు. "బస్సులో అన్నీ వినపడతాయి, ఇంట్లో పని చెబితేనే వినపడదు" అని మా నాయనమ్మ తీర్పు. ఆ తీర్పుకు చాలా ఏళ్ళు అప్పీలు లేకపోయింది. చెవిటితనమైతే సరిపెట్టుకునేవాళ్ళేమో గానీ, నటన అనుకున్నారు. అన్నీ విని విననట్టుంటుందనే నిందను అమ్మ ఇరవై ఏళ్ళు మోసింది.

మూడోది, కాన్పు. తమ్ముడు 1990లో పుట్టాక అమ్మ వినికిడి తగ్గిందని ఇంట్లో వాళ్ళు గమనించారు. కారణం ఇంట్లోనే దొరికింది. బాలింతరాలు చెవుల్లో దూది పెట్టుకోలేదు, తలకు గుడ్డ కట్టుకోలేదు, పచ్చి ఒంటితో గాలికి తిరిగింది. తప్పు ఆమెది. గర్భధారణ వల్ల ఈ జబ్బు ముదురుతుందని వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. తర్వాతి అధ్యయనాలు ఒకే మాట మీద లేవు. పిల్లల్ని కన్న రోగులకూ కనని రోగులకూ మధ్య వినికిడిలో తేడా కనపడలేదన్న అధ్యయనాలూ ఉన్నాయి. ఒక దశలో ఈ జబ్బున్న స్త్రీలకు పిల్లల్ని కనవద్దని సలహా ఇచ్చేవారు. ఆ ఆలోచన కొసకు వెళితే ఎక్కడికి చేరుతుందో చరిత్ర చూపించింది. 1933లో నాజీ ప్రభుత్వం చేసిన బలవంతపు గర్భనిరోధ శస్త్రచికిత్సల చట్టంలో వంశపారంపర్య చెవుడు కూడా ఒక కారణం. ఒకచోట పథ్యం తప్పిందని నింద, ఇంకోచోట కనడమే తప్పని చట్టం. రెండు చోట్లా స్త్రీ చెవికి శిక్ష పడేది ఆమె గర్భసంచి మీదుగానే. 2019లో నాకూ ఈ జబ్బని తేలినప్పుడు అమ్మ మొదట అన్న మాట, "నా పాపమే నీకు చుట్టుకుంది." ఈ జన్యులక్షణం తల్లి నుంచే కాదు, తండ్రి నుంచీ వస్తుంది. సంక్రమించిన అందరికీ జబ్బు బయటపడదు కూడా. ఇదంతా నేను కాగితం మీద బొమ్మ వేసి చూపించాను. అమ్మ బొమ్మను శ్రద్ధగా చూసింది. పాపం అనే మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

గోలలో వినపడటం అనే ఈ లక్షణాన్ని మొదట రాసిపెట్టినవాడు ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్. 1672లో వచ్చిన తన లాటిన్ గ్రంథంలో ఆయన ఒక చెవిటి భార్య సంగతి చెప్పాడు. పక్కన డోలు మోగుతున్నంతసేపూ ఆమెకు మాటలు వినపడేవట. ఆమెతో మాట్లాడటం కోసం భర్త డోలు వాయించే మనిషిని నౌకరుగా పెట్టుకున్నాడట. ఈ కథను చెవి వైద్యులు తమాషాగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో రెండు గంభీరమైన సంగతులు కనిపిస్తాయి. ఆ భర్త భార్య చెవిని మార్చలేడు కాబట్టి ఇంటిని మార్చాడు. ఆమెతో సంభాషణ తనకు కావాలనుకున్నాడు, దానికి ఖర్చు పెట్టాడు. అదే సమయంలో, ఆ డోలు ఎప్పుడు మోగాలో నిర్ణయించింది ఎవరు? ఆమెకు మాట్లాడాలనిపించినప్పుడా, అతనికి చెప్పాలనిపించినప్పుడా? కథలో భర్త ఉన్నాడు, నౌకరు ఉన్నాడు, ఆమె ఏం చెప్పేదో మాత్రం లేదు. ఈ రెండు ప్రశ్నలూ, ఎవరు మారాలి, మీట ఎవరి చేతిలో ఉండాలి అన్నవి, మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా ఇంప్లాంట్ ముందు అలాగే నిలబడి ఉన్నాయి.

ఈ జబ్బుకు నమ్మదగిన శస్త్రచికిత్స 1956లో వచ్చింది. అమెరికాలోని మెంఫిస్‌లో జాన్ షే అనే వైద్యుడు బిగుసుకున్న అంకవన్నెను తీసేసి, దాని స్థానంలో టెఫ్లాన్‌తో చేసిన చిన్న కృత్రిమ ఎముకను అమర్చాడు. ఆ మొదటి రోగి వయసు 54 ఏళ్ళు. వైద్య చరిత్ర వ్యాసాల్లో నేను చదివిన చోటల్లా ఆమె 'ఒక గృహిణి' మాత్రమే, వైద్యుడికే పేరు. నాకు జరిగింది ఆ శస్త్రచికిత్సకు తర్వాతి రూపం. స్పృహలోనే ఉన్నాను. టేబుల్ మీద ఉండగానే, చాలా ఏళ్ళుగా నా ఎడమచెవి మరిచిపోయిన చిన్న శబ్దాలు, స్టీలు ట్రేలో పరికరం పెట్టిన చప్పుడు, నర్సు చెప్పుల చప్పుడు, ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

అమ్మకు ఆ అవకాశం దాటిపోయింది. ఎముక పెరుగుదల కర్ణావర్తం దాకా పాకింది. హియరింగ్ ఎయిడ్ ఎంత పెంచినా శబ్దం వస్తుంది గానీ మాట విడిపడదు. ఇలాంటి దశలో మిగిలేది కాక్లియర్ ఇంప్లాంట్. 1957లో పారిస్‌లో ద్జుర్నో, ఎరియెస్ అనే ఇద్దరు మొదటిసారి వినికిడి నాడిని విద్యుత్తుతో ప్రేరేపించి చూశారు. 1977లో వియన్నాలో అమర్చిన బహుళ చానళ్ళ ఇంప్లాంట్‌ను రూపొందించిన ఇద్దరిలో ఒకరు ఇంగెబోర్గ్ హోఖ్‌మయర్ అనే స్త్రీ ఇంజనీరు. ఈ పరికరాల్లో చెవి వెనక మైకు, ప్రాసెసరు ఉంటాయి. చర్మం కింద రిసీవరు, అక్కడి నుంచి కర్ణావర్తంలోకి చొప్పించిన సన్నని తీగ ఉంటాయి. తీగ మీద కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు. సహజమైన చెవిలో శబ్దాన్ని నాడికి అందించే లోపలి వరస రోమకణాలు సుమారు 3,500. అంత పనిని ఇరవై మందితో చేయించడం లాంటిది ఇది. మిగిలిన కొద్దిపాటి సహజ వినికిడి ఈ ఆపరేషన్‌తో పోవచ్చు. ఇంప్లాంట్ చెవిని బాగుచేయదు. చెవిని దాటేసి నాడితో నేరుగా మాట్లాడుతుంది. ఆ కొత్త భాషను మెదడు నెలల తరబడి నేర్చుకోవాలి.

పరికరాన్ని బట్టి ఖర్చు లక్షల్లో ఉంటుంది. అమ్మకు ఎనిమిది లక్షల పైన అయింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ చెవుడున్న చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్లు ఉచితంగా చేయించింది. కేంద్ర ప్రభుత్వం 2014లో సవరించిన ఆడిప్ పథకం ఒక్కో బిడ్డ పరికరానికి 6 లక్షల రూపాయల దాకా ఇచ్చేలా ఏర్పాటు చేసింది. మాట రావాలంటే చిన్న వయసులోనే వినపడాలి కాబట్టి పిల్లలకు ప్రాధాన్యం ఉండటం న్యాయమే. అయితే పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక చెవుడు వచ్చిన స్త్రీ ఈ లెక్కల్లో ఎక్కడా ఉండదు. ఆమె బాధ్యత ఆమె కుటుంబానిది. కుటుంబం దగ్గర దానికి ఎంత విలువ ఉందన్నదే ప్రశ్న.

మా ఇంట్లో ఎవరూ దుర్మార్గులు కారు. తమ్ముడు అన్నది లోకం అనే మాటే: "అరవై దాటింది కదక్కా, ఇప్పుడు కొత్తగా ఏం వినాలి?" నాన్న, "నేనున్నాను కదా, ఆవిడకు కావలసినవి నేను చెబుతాను" అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఈ రెండు వాక్యాల్లో స్త్రీ వినికిడి మీద ఉన్న సిద్ధాంతమంతా ఉంది. వినడం ఒక పనికి సాధనం, ఆ పని తీరిపోయింది కాబట్టి సాధనం అక్కర్లేదు అన్నది మొదటి వాక్యం. ఆమెకు చేరవలసిన ప్రపంచాన్ని భర్త ఏరి, కుదించి అందిస్తే చాలు అన్నది రెండోది. ఇంప్లాంట్ కావాలన్నవాళ్ళ వాదన కూడా దీనికి పెద్ద దూరంలో లేదు. "పెట్టిస్తే మనకు గొంతు చించుకునే బాధ తప్పుతుంది" అన్నారు బంధువులు. కావాలన్నా వద్దన్నా లెక్క వేసేది ఆమె చుట్టూ ఉన్నవాళ్ళ సౌకర్యం నుంచే.

నేను నోటుపుస్తకంలో రాసి అమ్మనడిగాను, ఎందుకు కావాలి నీకు అని. ఆమె చెప్పిన జవాబు నా ఆలోచనను మలుపు తిప్పింది. "నాతో అన్న మాటలు ఎలాగో తెలుస్తాయే. రాసి చూపిస్తారు, అరిచి చెబుతారు. నాతో అనని మాటలు వినాలని ఉంది."

చెవుడు వచ్చినవాళ్ళు పోగొట్టుకునేది ప్రధానంగా ఇదే. పక్కింటివాళ్ళు గోడవతల ఏం అనుకుంటున్నారో, బస్టాపులో ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో, రేడియోలో నాటకం ఏ మలుపు తిరిగిందో, ఇవేవీ మనకోసం చెప్పినవి కావు. మనుషులుగా మనం లోకజ్ఞానం సంపాదించుకునేది ఎక్కువగా ఈ దారినే. అమ్మ విజయవాడ కేంద్రం రేడియో నాటకాలు విని పెరిగిన మనిషి. ముందు రేడియో మానేసింది, తర్వాత ఫోను, తర్వాత పేరంటాలు. ఆమెతో నేరుగా చెప్పే మాటలు మాత్రమే మిగిలాయి. అవి ఎలాంటివి? అన్నం పెట్టు, తలుపు వేసుకో, మందు వేసుకున్నావా, రేపు ఫలానావాళ్ళు వస్తారు. సమాచారం, ఆజ్ఞ, ఆరా. ఒక స్త్రీకి చెవుడు వస్తే ఆమె ప్రపంచం కుటుంబం ఆమెతో మాట్లాడే మాటలంత సైజుకు కుంచించుకుపోతుంది. అమ్మ అడిగింది ఆ గోడ దాటే హక్కు. అది విధేయతకు పనికొచ్చే వినికిడి కాదు, కుతూహలానికి పనికొచ్చే వినికిడి. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద రాసిచ్చిన అరెకరం అమ్మి తన ఖర్చు తనే పెట్టుకుంది. ఆ పొలం మనవరాలి చదువుకు ఉంచవచ్చు కదా అన్నవాళ్ళున్నారు. ఆమె పేరున ఉన్న ఒకే ఒక్క ఆస్తిని ఆమె చెవి మీద ఖర్చు పెట్టడం స్వార్థమైతే, ఆ ఇంట్లో అంతకుముందు జరిగిన ఖర్చులన్నిటికీ ఏం పేరు పెట్టాలి?

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరాన్ని పట్టించుకోవాలి. పుట్టుకతో బధిరులై, సంజ్ఞాభాషలో పెరిగినవాళ్ళు తమను లోపం ఉన్నవాళ్ళుగా కాక, ఒక భాషా సమూహంగా చూడమన్నారు. అమెరికాలోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ద డెఫ్ 1991లో చిన్నపిల్లలకు ఇంప్లాంట్లు పెట్టడాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 2000లో ఆ వైఖరిని సడలించి, ఇది కుటుంబాలు పూర్తి సమాచారంతో తీసుకోవలసిన నిర్ణయమంది. వాళ్ళ ప్రశ్న మనకు కొత్తది కాదు. శరీరాన్ని ఒక ప్రమాణానికి తగ్గట్టు కోసి సరిచేయడాన్ని స్త్రీవాదులుగా మనం ఎప్పుడూ అనుమానించాం. వైకల్యం ఉన్న స్త్రీల అనుభవాలను ఉద్యమం పక్కన పెట్టిందని అనితా ఘై లాంటివాళ్ళు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. అలాంటప్పుడు అమ్మ ఇంప్లాంట్ కోరుకోవడం 'మామూలు' అనే నియంతృత్వానికి లొంగిపోవడమా?

నేను అలా అనుకోవడం లేదు. సంజ్ఞాభాష వచ్చినవాళ్ళకు ఒక సమూహం ఉంది, భాష ఉంది, నవ్వుకోవడానికి తోడున్నారు. నడివయసులో చెవుడు వచ్చిన స్త్రీకి ఇవేవీ లేవు. ఆమె భాష ఆమె చుట్టూనే మోగుతూ ఉంటుంది, ఆమెకు అందదు. ఆమె కోరేది తనదైన భాషలోకి తిరిగి రావడాన్ని. అయితే బధిరుల ఉద్యమం నేర్పిన ఒక పాఠాన్ని మాత్రం వదులుకోకూడదు. సంభాషణ తెగిపోవడానికి బాధ్యత వినపడని మనిషి ఒక్కదానిదే కాదు. మాట్లాడేవాళ్ళు మొహం చూపించి మాట్లాడకపోవడం, ఇంకోసారి చెప్పమంటే "ఏం లేదులే, వదిలెయ్" అనడం, ఇవీ చెవుడులో భాగమే. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు రచయిత్రి హారియట్ మార్టినో చిన్నప్పుడే చెవుడు వచ్చి, చెవిలో కొమ్ముబూర పెట్టుకుని సభల్లో తిరిగిన మనిషి. ఏమన్నారని ఎవరినీ ఎన్నడూ అడగకూడదని ఆమె చిన్న వయసులోనే నియమం పెట్టుకుంది. ఎదుటివాళ్ళకు ఇబ్బంది కలిగించకూడదన్న ఆ నియమంలోని ఆత్మగౌరవాన్ని నేను గౌరవిస్తాను. కానీ అది న్యాయమైన ఏర్పాటని ఒప్పుకోలేను. 'ఏంటీ?' అని ఇంకోసారి అడగడానికి ఒక మేధావి కూడా అంత సంకోచించవలసి వచ్చిందంటే, అడగడం ఎంత పెద్ద నేరంగా ఉండేదో కదా.

ఆపరేషన్ తర్వాత జరిగినదాన్ని అద్భుతంగా చెప్పడం నాకిష్టం లేదు. మూడు వారాల తర్వాత స్విచాన్ చేసిన రోజు అందరి గొంతులూ ఒకటే, ఇత్తడి బిందెలోంచి మాట్లాడుతున్నట్టున్నాయంది అమ్మ. నాన్న గొంతుకూ తమ్ముడి గొంతుకూ తేడా తెలియలేదు. కొన్ని ఎలక్ట్రోడ్లు పనిచేయించగానే ఆమె ఎడమ చెంప, కనురెప్ప ఎగిరాయి. ఈ జబ్బులో ఎముక గుల్లబారి ఉండటంతో విద్యుత్తు పక్కనే ఉన్న ముఖనాడికి పాకడం మిగతావాళ్ళలో కంటే ఎక్కువ. ఆడియాలజిస్టు ఆ ఎలక్ట్రోడ్లను ఆపేసి, మిగిలినవాటితో మ్యాపింగ్ చేసింది. ఏడాది సాధన తర్వాత ప్రశాంతంగా ఉన్న గదిలో ఎదురుగా మాట్లాడితే అమ్మకు దాదాపు అంతా అర్థమవుతోంది. తెలిసిన మనిషైతే ఫోనులోనూ మాట్లాడుతుంది. పాట మాత్రం సరిగా రాదు. ఘంటసాల పాటలు మాటల్ని బట్టి గుర్తుపడుతుంది, రాగాన్ని జ్ఞాపకంలోంచి తెచ్చి కలుపుకుంటుంది. ఒకప్పుడు గోలలోనే బాగా వినపడిన మనిషికి ఇప్పుడు గోలే శత్రువు. బస్సులో ఏమీ తెలియదు, ఇంట్లో తెలుస్తుంది. నాయనమ్మ ఉంటే ఈ తారుమారును ఏ లెక్కలో వేసేదో!

అసలైన నైతిక సమస్య ఆ తర్వాత మొదలైంది. అమ్మ సాయంత్రం నాలుగింటికి ప్రాసెసరు తీసి డబ్బాలో పెట్టి, పుస్తకం పట్టుకుని వరండాలో కూచుంటుంది. యంత్రంతో వినడం అలసట. మెదడు ప్రతి మాటనూ పోగేసి అతుక్కోవాలి. అలసట సంగతి అటుంచితే, ఆ నిశ్శబ్దం ఆమెకు ఇష్టం. ఇంట్లో వాళ్ళకు అది నచ్చదు. "అన్ని లక్షలు పోసి కొనుక్కుని పెట్టుకోదేం?" అని మరదలు. "పిలిస్తే పలకాలని కదా పెట్టించింది" అని నాన్న. డబ్బు ఎవరిదైనా, చెవి తెరిచి ఉంచవలసిన బాధ్యత మాత్రం ఆమెది. వినపడనప్పుడు క్షమించిన పనులన్నీ వినపడటం మొదలవగానే తిరిగొచ్చాయి. మొదటి రెండర్థాలు మళ్ళీ అతుక్కున్నాయి: ఇప్పుడు వినపడుతుంది కాబట్టి వినాలి.

మామూలు చెవికి రెప్ప ఉండదు. కంటిని మూసుకోవచ్చు, చెవిని మూసుకోలేం. ఆజ్ఞలు చెవి ద్వారా రావడానికి అదీ ఒక కారణమేమో. ఇంప్లాంట్ ఉన్న స్త్రీకి ఆ రెప్ప ఉంది. దాన్ని ఆమె వాడుకోవడం కృతఘ్నత అని నేననుకోను. వినే హక్కులో వినకుండా ఉండే హక్కు కూడా భాగమే. గొంతు విషయంలో మనం దీన్ని ఎప్పుడో ఒప్పుకున్నాం. మాట్లాడే స్వేచ్ఛ అంటే ఎప్పుడూ మాట్లాడుతూనే ఉండటం కాదు, బలవంతాన మాట్లాడించకూడదని కూడా. చెవికీ అదే వర్తించాలి. డోలు మీట ఆమె చేతిలో ఉండాలి.

అందుకని ఇలాంటి ఆపరేషన్ గురించి ఏ ఇంట్లోనైనా ఆలోచిస్తున్నప్పుడు ఫలితాల శాతాలతో పాటు ఇంకో మూడు ప్రశ్నలు అడగాలనిపిస్తుంది. ఆమె ఏం వినాలనుకుంటోంది? ఆ జవాబును ఎవరైనా అడిగి, రాసుకున్నారా? పరికరం వచ్చాక కూడా ఎదురుగా వచ్చి, టీవీ తగ్గించి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే బాధ్యత ఇంట్లో వాళ్ళు తీసుకుంటారా, లేక ఎనిమిది లక్షలతో ఆ బాధ్యత కొనేసుకున్నామనుకుంటారా? ఆమె యంత్రం తీసి పక్కన పెట్టినప్పుడు ఆ గంటలు ఆమెవేనని ఒప్పుకుంటారా?

ఈ ప్రశ్నలు మన సంఘాలకూ వర్తిస్తాయి. మన సభల్లో మైకు లేకుండా, తల వంచుకుని కాగితం చూసి చదివేస్తాం. అందరం ఒకేసారి మాట్లాడటాన్ని ఉత్సాహం అనుకుంటాం. వెనక వరసలో మెత్తగా నవ్వుతూ కూచున్న నలభై ఏళ్ళ స్త్రీ చర్చలో ఎందుకు పాల్గొనడం లేదో అడగం. మన రాతల్లో 'చెవిటి ప్రభుత్వం', 'చెవిటి సమాజం' అని తేలిగ్గా రాసేస్తాం. ప్రభుత్వం చెవిటిది కాదు. దానికి అన్నీ వినపడతాయి, వినిపించుకోదు. తెలుగు ఈ రెండింటికీ వేరువేరు మాటలు ఇచ్చింది. వినపడకపోవడం శరీరానికి సంబంధించినది, వినిపించుకోకపోవడం అధికారానికి సంబంధించినది. అధికారం చేసే పనిని మా శరీరాల పేరుతో పిలవడం మానేస్తే, మన భాషలో మా అమ్మలాంటి వాళ్ళకు కొంచెం చోటు దొరుకుతుంది.